బక్ వీవర్ చేసిన నేరం ఏమిటి?

ఐపీఎల్ జరిగే రెండు నెలలూ కడపలో క్రిమినల్ కేసులు చూసే వకీళ్లకు ఒక రకం పని పెరుగుతుంది. ప్రొద్దుటూరు వైపు నుంచి క్రికెట్ బెట్టింగ్ కేసులు వస్తాయి. వాటిలో ముద్దాయిగా నిలబడేది దాదాపు ఎప్పుడూ లెక్క రాసుకునే కుర్రవాడే తప్ప అసలు పందెం నడిపించినవాడు కాదు. "ఆడిచ్చినోళ్లు బాగుండారు సార్, రాసుకున్న నన్ను పట్టకచ్చినారు" అని ఒక కక్షిదారు నాతో అన్న మాటలో అతిశయోక్తి లేదు. పందెం కాసినవాడి మీద, కాయించినవాడి మీద కేసు పెట్టడానికి మనకు 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. డబ్బు తీసుకుని ఆటనే ఓడగొట్టిన ఆటగాడి మీద ఏ సెక్షన్ వర్తిస్తుందని అడిగితే మాత్రం జవాబు అంత సులభం కాదు. ఈ ప్రశ్నకు ముందుగా తలపడిన కోర్టుల్లో చికాగోలోని ఒక కోర్టు ఉంది. అది 1921లో విన్న కేసు బేస్‌బాల్ చరిత్రలోకెల్లా పెద్ద కుంభకోణానికి సంబంధించినది. అందులో ముద్దాయిలుగా నిలబడ్డ ఆటగాళ్లలో ఒకడు బక్ వీవర్.

బేస్‌బాల్ మనవాళ్లకు పెద్దగా పరిచయం లేని ఆట. ఈ కథ తెలుసుకోవడానికి దాని నియమాలన్నీ అవసరం లేదు. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారని, ఒక్కడే పిచర్ చాలాసేపు విసురుతాడు కాబట్టి ఒకరోజు ఆటను మొత్తంగా చెడగొట్టగల శక్తి జట్టులో అందరికంటే అతనికే ఎక్కువని తెలిస్తే చాలు. అమెరికాలో రెండు పెద్ద లీగుల విజేతలు ఏటా అక్టోబరులో తలపడే పోటీని వరల్డ్ సిరీస్ అంటారు. 1919లో చికాగో వైట్ సాక్స్, సిన్సినాటి రెడ్స్ జట్ల మధ్య జరిగిన ఆ పోటీ తొమ్మిది ఆటల సిరీస్. ముందుగా ఐదు ఆటలు గెలిచినవారే విజేతలు. వైట్ సాక్స్ 1917లో విజేతగా నిలిచిన బలమైన జట్టు కాబట్టి అది ఓడుతుందని పందెం కాసేవారు తక్కువ. పందెం ఎక్కువ లాభం ఇచ్చేది కూడా సరిగ్గా అలాంటి చోటే.

వైట్ సాక్స్‌లో మొదటి బేస్ దగ్గర ఆడే చిక్ గాండిల్, డబ్బు తీసుకుని ఆ సిరీస్‌ను కావాలనే ఓడిపోవాలన్న పథకానికి ఆటగాళ్ల వైపు నుంచి ముఖ్య సూత్రధారి. పిచర్లు ఎడ్డీ సికోట్, లెఫ్టీ విలియమ్స్, షార్ట్‌స్టాప్ స్వీడ్ రిస్బర్గ్, అవుట్‌ఫీల్డర్లు హ్యాపీ ఫెల్ష్, జో జాక్సన్, అదనపు ఆటగాడు ఫ్రెడ్ మెక్‌మలిన్, మూడో బేస్ దగ్గర ఆడే బక్ వీవర్ మిగతావారు. వీరితో బేరం నడిపిన జూదగాళ్లు ఒక్క ముఠా కాదు, రెండు. బోస్టన్‌కు చెందిన స్పోర్ట్ సల్లివన్ ఒక వైపు నుంచి, మాజీ పిచర్ బిల్ బర్న్స్, అతని మిత్రుడు బిల్లీ మహార్గ్, మాజీ బాక్సింగ్ చాంపియన్ ఏబ్ అటెల్ మరో వైపు నుంచి వచ్చారు. వీరందరి వెనుక న్యూయార్క్ జూద వ్యాపారి ఆర్నాల్డ్ రోత్‌స్టీన్ పేరు వినిపిస్తుంది. అతను స్వయంగా ఎంతవరకు డబ్బు పెట్టాడన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం.

అక్టోబరు 1న సిన్సినాటిలో మొదటి ఆట. ఆ ఏడు 29 ఆటలు గెలిపించిన సికోట్ తన రెండో బంతితోనే రెడ్స్ తొలి బ్యాటర్ మోరీ రాత్ వీపు మీద కొట్టాడు. బేరం ఖాయమని జూదగాళ్లకు అందిన సంకేతం అదేనని తరువాత తేలింది. అతనికి ముందురోజు రాత్రే పది వేల డాలర్లు ముట్టాయి. ఆ ఆట 9–1 తేడాతో పోయింది. రెండో ఆటలో, సాధారణంగా గురి తప్పని విలియమ్స్ వరుసగా బంతులు పక్కకు వేసి 4–2తో ఓడాడు. మూడో ఆటలో పిచర్ డికీ కెర్. అతను కుట్రలో లేడు. ప్రత్యర్థికి ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా 3–0తో గెలిపించాడు. నాలుగో ఆటలో సికోట్ ఒకే ఇన్నింగ్స్‌లో చేసిన రెండు తప్పులతో 2–0, ఐదో ఆటలో విలియమ్స్ చేతుల మీదుగా 5–0.

ఇక్కడ పథకం తడబడింది. ప్రతి ఓటమి తరువాత ఇస్తామన్న వాయిదా సొమ్ము జూదగాళ్లు సక్రమంగా ఇవ్వలేదు. ఆటగాళ్లలో కొందరికి చిల్లిగవ్వ కూడా చేరలేదు. కోపం వచ్చిందో, పట్టుదల వచ్చిందో, ఆరో ఆటను కెర్ మళ్లీ 5–4తో, ఏడో ఆటను సికోట్ 4–1తో గెలిపించారు. అక్టోబరు 9న ఎనిమిదో ఆటలో విలియమ్స్ ఒక్కణ్ణి మాత్రమే అవుట్ చేసి, వరుసగా నాలుగు హిట్లు ఇచ్చి మైదానం వదిలాడు. ఆట 10–5తో, సిరీస్ 5–3తో సిన్సినాటి పరమయ్యాయి. ఆటకు ముందు ఎవరో అతని భార్యకు ప్రాణహాని చేస్తామని బెదిరించారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. దానికి నమ్మదగిన ఆధారం కనబడదు కాబట్టి నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

పంపకం విషయానికి వస్తే, మాట్లాడుకున్న మొత్తం లక్ష డాలర్లయితే అందులో చేరింది కొంతే. సికోట్‌కు పది వేలు, విలియమ్స్, ఫెల్ష్, జాక్సన్‌లకు ఐదేసి వేలు, గాండిల్‌కు అందరికంటే ఎక్కువ వచ్చాయి. వీవర్‌కు ఏమీ రాలేదు. అతను అడగనూ లేదు. ఆ సిరీస్‌లో వీవర్ బ్యాటింగ్ సగటు .324 (బ్యాటింగ్‌కు దిగిన వెయ్యి సార్లకు 324 హిట్ల లెక్కన; బేస్‌బాల్‌లో ఇది మంచి సగటు), ఫీల్డింగ్‌లో ఒక్క తప్పు లేదు. జాక్సన్ సగటు .375. సిరీస్ మొత్తానికి ఉన్న ఒకే ఒక హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కూడా అతనిదే. జాక్సన్ మీద జాలిపడేవారు ఈ అంకెలనే చూపుతారు. కానీ ఐదు వేల డాలర్లు తీసుకుని ఉంచుకున్న మనిషి విషయంలో అంకెలు చేయగల సహాయం తక్కువ. డబ్బు తీసుకుని పని చేయకపోయినా లంచం లంచమేనని మన అవినీతి నిరోధక చట్టం కింద కేసులు నడిపిన ఎవరైనా చెబుతారు. వీవర్ సంగతి అది కాదు. పథకం మాట్లాడుకున్న గదిలో అతను ఉన్నాడు, విన్నాడు, ఒప్పుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. అతని మీద నిలబడే ఆరోపణ అంతవరకే.

మరి ఆ సంగతి తెలిసీ చెప్పనివారు ఇంకెవరెవరు? సిరీస్ మొదలైన తొలి రోజుల్లోనే జట్టు మేనేజర్ కిడ్ గ్లీసన్‌కు, యజమాని చార్లెస్ కొమిస్కీకి అనుమానం కలిగింది. కొమిస్కీ ఆ మాటను నేషనల్ లీగ్ అధ్యక్షుడు జాన్ హైడ్లర్ చెవిన వేశాడు. హైడ్లర్ దాన్ని అమెరికన్ లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్‌కు చేర్చగా, కొమిస్కీతో పాత పగ ఉన్న జాన్సన్ దాన్ని ఓడినవాడి ఏడుపుగా కొట్టిపారేశాడు. సిరీస్ అయ్యాక కొమిస్కీ రుజువు తెచ్చినవారికి బహుమానం ఇస్తానని పత్రికల్లో ప్రకటించాడు. మరో పక్క రహస్యంగా డిటెక్టివ్‌లను పెట్టి సమాచారం తెప్పించుకున్నాడు. సెయింట్ లూయిస్ జట్టు ఆటగాడు జో గెడియన్ ఆ బహుమానం కోసం వచ్చి తనకు తెలిసింది చెప్పినా ఉత్త చేతులతోనే తిరిగి వెళ్లాడు. ఆ తరువాత కొమిస్కీ చేసింది, అనుమానం ఉన్న ఆటగాళ్లలో గాండిల్ తప్ప మిగతావారందరితో 1920కి ఒప్పందాలు కుదుర్చుకోవడం. జాక్సన్‌కైతే ఏడాదికి 8,000 డాలర్ల చొప్పున మూడేళ్ల ఒప్పందం ఇచ్చాడు. విలువైన ఆటగాళ్లను పోగొట్టుకోవడం ఏ యజమానికీ ఇష్టం ఉండదు. హ్యూ ఫుల్లర్టన్ అనే పాత్రికేయుడు మాత్రం ఆ డిసెంబరులోనే వరల్డ్ సిరీస్ మీద అనుమానాలు రాసి, బేస్‌బాల్ పత్రికల చేత తిట్లు తిన్నాడు.

దాదాపు ఏడాది పాటు అలా సాగిన మూత 1920 సెప్టెంబరులో తెరుచుకుంది. అదీ వేరే ఆట మీద మొదలైన విచారణ వల్ల. ఆగస్టు 31న చికాగో కబ్స్ ఆడిన ఒక ఆటలో మోసం జరిగిందన్న ఆరోపణ మీద చికాగో ఉన్న కుక్ కౌంటీలో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టడానికి తగిన ఆధారం ఉందో లేదో తేల్చే పౌరుల బృందం) కూర్చుంది. విచారణ పాకి పాకి 1919 సిరీస్ దాకా వచ్చింది. సెప్టెంబరు చివరి వారంలో మహార్గ్ ఫిలడెల్ఫియా పత్రికకు మొత్తం కథ చెప్పేశాడు. మరుసటి రోజే సికోట్, జాక్సన్ గ్రాండ్ జ్యూరీ ముందు వాంగ్మూలం ఇచ్చారు. జట్టు క్లీవ్‌లాండ్‌తో హోరాహోరీగా పోటీలో ఉండి, ఇంకా మూడు ఆటలే మిగిలి ఉండగా కొమిస్కీ ఏడుగురినీ సస్పెండ్ చేశాడు. లీగ్ టైటిల్ క్లీవ్‌లాండ్‌కు పోయింది.

వకీలుగా నన్ను ఈ ఘట్టంలో ఎక్కువ కలవరపెట్టింది ఒక మనిషి పాత్ర. సికోట్‌నూ జాక్సన్‌నూ మాట్లాడించి, వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధం చేసినవాడు ఆల్ఫ్రెడ్ ఆస్ట్రియన్. అతను కొమిస్కీ న్యాయవాది. ఆటగాళ్లకు విడిగా వకీలు లేడు. జాక్సన్‌కు చదవడం రాదు. అయినా తనకు ఏ రక్షణా అక్కర్లేదని, చెప్పింది తన మీదే వాడుకోవచ్చని ఒప్పుకునే పత్రం మీద అతని చేత సంతకం చేయించారు. మన జిల్లా కోర్టుల్లో ఒక యాజమాన్యం తరఫు ప్లీడరు కార్మికుణ్ణి కూర్చోబెట్టి, నిజం చెప్పేయి, నీకేమీ కాదు, అని సలహా ఇచ్చి సంతకం తీసుకుంటే ఆ కాగితం మీద ఎదుటి వకీలు ఎన్ని ప్రశ్నలు వేసేవాడో ఊహించవచ్చు. మైదానం బయట ఒక పిల్లవాడు జాక్సన్‌ను ఆపి, అది నిజం కాదని చెప్పమని వేడుకున్నాడన్న కథ అమెరికా అంతటా సామెతలా స్థిరపడింది. అలాంటిదేమీ జరగలేదని జాక్సన్ జీవితాంతం చెబుతూ వచ్చాడు. ఆ కథకున్న ప్రచారంలో పదో వంతు కూడా ఆ సంతకానికి రాలేదు.

1921 వేసవిలో జడ్జి హ్యూగో ఫ్రెండ్ ముందు విచారణ జరిగింది. అప్పటికి ఇల్లినాయ్‌లో ఆటను ఓడగొట్టడం నేరమని చెప్పే చట్టమే లేదు. కాబట్టి ప్రాసిక్యూషన్ ప్రజలనూ, కొమిస్కీ వ్యాపారాన్నీ, మరికొందరినీ మోసగించడానికి కుట్ర పన్నారన్న అభియోగం తయారు చేసుకోవలసి వచ్చింది. ఆటలు ఓడిపోవాలని అనుకున్నంత మాత్రాన చాలదని, ప్రజలనూ ఇతరులనూ మోసగించాలన్న ఉద్దేశం రుజువైతేనే శిక్షించాలని జడ్జి జ్యూరీకి స్పష్టంగా చెప్పాడు. వీవర్, ఫెల్ష్‌ల మీద ఉన్న సాక్ష్యం చాలా పలుచనిదని కూడా అభిప్రాయపడ్డాడు. తన విచారణ విడిగా జరపమని వీవర్ కోరినా ఒప్పుకోలేదు. ఆగస్టు 2న జ్యూరీ మూడు గంటలు గడవకముందే అందరినీ నిర్దోషులని తేల్చింది.

వాంగ్మూలాల కాగితాలు మాయమైపోవడం వల్లే వారు బయటపడ్డారని చాలామంది రాస్తారు. మాయమైన మాట నిజమే. అవి 1924లో జాక్సన్ జీతం బకాయిల కోసం మిల్వాకీ కోర్టులో కొమిస్కీ మీద వేసిన దావాలో, సరిగ్గా కొమిస్కీ వకీళ్ల చేతిలోనే, మళ్లీ ప్రత్యక్షమయ్యాయి కూడా. కానీ చికాగో విచారణలో స్టెనోగ్రాఫర్ల ప్రతుల నుంచి ఆ వాంగ్మూలాలను జ్యూరీకి చదివి వినిపించారు. కేసు ఓడింది కాగితం పోయినందుకు కాదు, అభియోగానికి తగిన ఉద్దేశం రుజువు కానందుకు. వందేళ్ల తరువాత మన పక్క రాష్ట్రంలో ఇదే వాదన మళ్లీ నెగ్గింది. కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఫిక్సింగ్ కేసులో 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు, మ్యాచ్ ఫిక్సింగ్ ఐపీసీ 420 కింద మోసం కిందికి రాదని చెప్పి అభియోగపత్రాన్ని కొట్టివేసింది. అది అవినీతి కావచ్చు, క్రమశిక్షణ చర్య తీసుకోవలసింది క్రికెట్ బోర్డు, అన్నది ఆ తీర్పు సారాంశం. టికెట్ కొన్నవాడు ఆట చూశాడు. అతని నుంచి ఎవరు ఏమి మోసగించి తీసుకున్నారు అన్న ప్రశ్న వినడానికి వెటకారంలా ఉన్నా, సెక్షన్ పదాలను పట్టుకుని చదివితే అంత తేలికగా కొట్టిపారేయలేనిది. చికాగో జ్యూరీ తీర్పు చట్టరీత్యా సరైనదేనని నా అభిప్రాయం.

నిర్దోషులుగా బయటికి వచ్చిన ఆటగాళ్లు ఆ రాత్రి సంబరం చేసుకున్నారు. తెల్లవారేసరికి బేస్‌బాల్ కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ ప్రకటన వచ్చింది. కుంభకోణం బయటపడ్డాక భయపడిన యజమానులు, పాత ముగ్గురు సభ్యుల కమిషన్‌ను పక్కనపెట్టి, 1920 నవంబరులో ఈ ఫెడరల్ జడ్జిని తెచ్చి సర్వాధికారాలు అప్పగించారు. 1907లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి 2.9 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసి పేరు పొందినవాడు ఆయన. ప్రకటన సారాంశం ఇది: జ్యూరీ ఏమి తేల్చినా సరే, ఆట ఓడగొట్టినవాడు గాని, ఓడగొడతానని ఒప్పుకున్నవాడు గాని, వంకర ఆటగాళ్లూ జూదగాళ్లూ కూర్చుని ఆట ఎలా ఓడాలో మాట్లాడుకుంటుంటే విని వెంటనే తన క్లబ్బుకు చెప్పనివాడు గాని ఇక ఎన్నడూ ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడడు.

కోర్టు విడిచిపెట్టినా క్రీడాసంస్థ తన క్రమశిక్షణ తాను అమలు చేసుకోవచ్చన్నది మనకూ కొత్త కాదు. ఐపీఎల్ ఫిక్సింగ్ కేసు నుంచి 2015లో ఢిల్లీ కోర్టు విముక్తి చేసిన తరువాత కూడా క్రికెటర్ శ్రీశాంత్ మీద బోర్డు నిషేధం కొనసాగింది. ఆ శిక్ష తగినదో కాదో మళ్లీ చూడమని సుప్రీంకోర్టు 2019లో ఆదేశించాకనే అది ఏడేళ్లకు తగ్గింది. అజారుద్దీన్ మీద 2000లో బోర్డు వేసిన జీవితకాల నిషేధాన్ని చట్టవిరుద్ధమని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో చెప్పింది. అంటే ఇక్కడ బోర్డు శిక్షను ప్రశ్నించడానికి పైన ఒక చోటు ఉంది. లాండిస్ మీద అలాంటి చోటు లేదు. ఆయన ఆజ్ఞే ఆఖరు.

ఆయన ప్రకటనలోని మొదటి రెండు వర్గాలతో నాకు పేచీ లేదు. మూడోది వేరు. వినడం, చెప్పకపోవడం 1919 సెప్టెంబరులో ఏ రాతపూర్వక నియమం కిందా జీవితకాల శిక్షకు కారణం కాదు. చేసిన నాటికి లేని నియమం కింద శిక్షించకూడదన్నది మన రాజ్యాంగం 20వ అధికరణలో ఉన్న సూత్రం, అమెరికా రాజ్యాంగంలోనూ ఉంది. క్రీడాసంస్థ ప్రభుత్వం కాదు కాబట్టి ఆ సూత్రం నేరుగా వర్తించదు, నిజమే, కానీ న్యాయం అంటే ఏమిటో తెలిసిన జడ్జికి ఆ తేడా ఒక్కటే సాకుగా సరిపోకూడదు. పైగా ఆ నియమాన్ని ఆయన అందరికీ వర్తింపజేయలేదు. తెలిసి చెప్పనందుకు వీవర్ పోయాడు, బహుమానం కోసం వచ్చి చెప్పిన గెడియన్ కూడా తెలిసి ఊరుకున్నందుకే 1921లో పోయాడు. తెలుసుకుని, డిటెక్టివ్‌ల నివేదికలు దగ్గర పెట్టుకుని, అదే ఆటగాళ్లతో మరో ఏడాది టికెట్లు అమ్ముకున్న కొమిస్కీ 1931లో చనిపోయేదాకా యజమానిగానే ఉన్నాడు. చనిపోయాక, 1939లో, బేస్‌బాల్ గొప్పవారి గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా అతని పేరు చేర్చారు. లాండిస్‌ను నియమించినవారూ, జీతం ఇచ్చినవారూ యజమానులేనన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి.

కొమిస్కీ పిసినారితనమే ఆటగాళ్లను ఈ పనికి దింపిందన్న వాదన మీద కూడా ఒక మాట. ఆనాటి జీతాల రికార్డులు బయటపడ్డాక చూస్తే వైట్ సాక్స్ జీతాలు లీగులో ఎక్కువ ఉన్న జట్లలోనే ఉన్నాయి. జట్టు వదిలి వేరే చోటికి వెళ్లే హక్కు ఆటగాడికి లేకపోవడం అన్ని జట్లలోనూ ఒకటే. ఒకే యజమాని కింద ఉన్న కెర్, ఎడ్డీ కాలిన్స్, రే షాక్ అమ్ముడుపోలేదు కాబట్టి ఆకలి కథ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు.

వీవర్ చికాగోలోనే ఉండిపోయాడు. 1920లో చివరిసారి పెద్ద లీగులో ఆడే నాటికి అతనికి ముప్ఫై ఏళ్లు. తనను తిరిగి చేర్చుకోమని అనేకసార్లు అర్జీలు పెట్టుకున్నాడు, లాండిస్‌కూ, ఆ తరువాత వచ్చినవారికీ. ఒక్కటీ ఫలించలేదు. 1956 జనవరిలో చనిపోయాడు.

అతని మీద మొదలైన ఆ నియమం మాత్రం బేస్‌బాల్ 21వ నిబంధనగా స్థిరపడి, జట్ల గదుల గోడల మీదికి ఎక్కింది. క్రికెట్‌లోకి కూడా వచ్చింది. బుకీ తనను మూడుసార్లు సంప్రదించినా ఆ మాట చెప్పనందుకు 2019 అక్టోబరులో బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్‌కు ఐసీసీ రెండేళ్ల నిషేధం వేసింది, అందులో ఒక ఏడాదిని వాయిదాలో పెట్టింది. నియమం రాసి ఉంది, షకీబ్‌కు దాని మీద శిక్షణ ఇచ్చారు, శిక్షకు మెట్లు ఉన్నాయి, అతను ఏడాదికి తిరిగి వచ్చి ఆడాడు. చెప్పకపోవడాన్ని శిక్షించడంలో తప్పు లేదని నేను ఒప్పుకునేది ఈ పద్ధతిలోనే.

2025 మే 13న కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, చనిపోయినవారి మీద శాశ్వత నిషేధం ఇక కొనసాగదని ప్రకటించాడు. బేస్‌బాల్ మీద పందేలు కాసినందుకు నిషేధానికి గురై, అంతకు ముందు ఏడాది చనిపోయిన ఆటగాడు పీట్ రోజ్ కోసం మొదలైన ఆ చర్చ పుణ్యమా అని వైట్ సాక్స్ ఎనిమిదిమంది పేర్లూ జాబితా నుంచి పోయాయి. జో జాక్సన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ 2027 డిసెంబరులో పరిశీలించడానికి ఇప్పుడు అడ్డు లేదు. ఆ నిర్ణయం డబ్బు తీసుకున్న సికోట్‌కూ, డబ్బు పంచిన గాండిల్‌కూ, ఏమీ తీసుకోని వీవర్‌కూ ఒకే తీరున వర్తించింది. వీవర్ అర్జీల్లో అడిగింది తన కేసును మిగతావారి నుంచి విడదీసి చూడమని. ఆ పని 1921 విచారణలోనూ జరగలేదు, 2025లోనూ జరగలేదు.